వైరు తెగిందని నా గొంతే చెప్పింది

2023 ఆగస్టులో ఒక మంగళవారం. ఎనిమిదో తరగతికి తెలుగు పాఠం చెప్పి వచ్చి స్టాఫ్ రూములో కూర్చున్నాను. పక్క కుర్చీలో ఉన్న లెక్కల టీచర్ అంది: "ఈ మధ్య మీ గొంతు భలే సాఫుగా ఉంటోందండీ. మధ్యలో బొంగురు పోవడమే లేదు." ఆ మాటకి నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. సాయంత్రం ఇంటికెళ్లగానే మా ఆయనకి కూడా చెప్పాను. పదేళ్ల తర్వాత నా గొంతు నాకు తిరిగొచ్చిందనుకున్నాం ఇద్దరం. అది మంచి కబురు కాదని తెలియడానికి ఇంకో పదకొండు రోజులు పట్టింది.

నాకు ఎడమ పక్క కాలర్ ఎముక కింద, చర్మం లోపల, ఒక చిన్న పరికరం ఉంది. డాక్టర్లు జనరేటర్ అంటారు, మా ఇంట్లో అందరం బ్యాటరీ అంటాం. దాన్నుంచి ఒక సన్నటి వైరు చర్మం కిందుగా మెడలోకి పోయి, ఎడమ వేగస్ నరం చుట్టూ మూడు చిన్న చుట్టలుగా అల్లుకుని ఉంటుంది. రెండు చుట్టలు కరెంటు ఇచ్చేవి, మూడోది వైరు జారకుండా పట్టుకునేది. మెదడు నుంచి మెడలోంచి దిగి గుండెకీ కడుపుకీ పోయే నరం అది. కుడి వైపు వేగస్‌కి గుండె వేగంతో ఎక్కువ సంబంధం కాబట్టి ఎడమ వైపే పెడతారు. దీన్ని వేగస్ నెర్వ్ స్టిమ్యులేషన్, పొట్టిగా వీఎన్‌ఎస్ అంటారు. మనిషికి మొదటిసారి అమెరికాలో 1988లో పెట్టారు, అక్కడి ప్రభుత్వ అనుమతి 1997లో వచ్చింది. మందులకి లొంగని ఫిట్స్ ఉండి, మెదడుకి ఆపరేషన్ చేసే వీలు లేని నాలాంటివాళ్లకి ఇది ఒక దారి.

నాకు ముప్పై సెకన్లు కరెంటు వస్తుంది, ఐదు నిమిషాలు ఆగుతుంది, మళ్లీ ముప్పై సెకన్లు. అంటే రాత్రీ పగలూ కలిపి రోజుకి దాదాపు రెండు వందల అరవై సార్లు. స్వరపేటికకి వెళ్లే నరం కూడా వేగస్ నుంచి చీలేదే కాబట్టి, కరెంటు వచ్చిన ఆ ముప్పై సెకన్లూ గొంతులో ఎవరో ఈకతో గీరినట్టుంటుంది. మాట బరువెక్కి బొంగురు పోతుంది. పాఠం చెప్పే మనిషికి అదెంత ఇబ్బందో ఊహించండి. నేను దానికో ఉపాయం చేసుకున్నాను. గొంతు పట్టగానే బోర్డు వైపు తిరిగి కఠిన పదాలు రాస్తాను. ఆ కాసేపు మొదటి బెంచీలో ఎవరో ఒకరు పద్యం పైకి చదువుతారు. ఏటా జూన్‌లో కొత్త పిల్లలకి మొదటి వారంలోనే చెప్పేస్తాను, టీచర్‌కి ఛాతీలో ఒక మిషను ఉందనీ, అది పని చేసినప్పుడు గొంతు మారుతుందనీ. ఒక్క పిల్ల కూడా ఎప్పుడూ నవ్వలేదు.

ఫిట్స్ నాకు పదకొండో ఏట మొదలయ్యాయి. మాది మధిర దగ్గర పల్లె. పడిపోగానే ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి నా చేతిలో ఇనుప తాళాల గుత్తి కుక్కేవారు, ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టేవారు. నాన్న ఒక్కడే నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఎవర్నీ ఏమీ పెట్టనిచ్చేవాడు కాదు. ఆయనకి ఎవరు నేర్పారో తెలియదు గాని, చేయాల్సింది సరిగ్గా అదే. కార్బమాజెపిన్, వాల్‌ప్రొయేట్, లెవెటిరాసెటామ్, క్లోబజామ్, ఫిట్స్ మందులు ఒకదాని తర్వాత ఒకటి అన్నీ వాడాను. వీడియో తీస్తూ మెదడులోని కరెంటు అలల్ని కొలిచే వీడియో ఈఈజీ పరీక్షలో, మెదడుకి రెండు వైపులా కణతల దగ్గరుండే టెంపోరల్ లోబ్‌ల నుంచీ ఫిట్స్ మొదలవుతున్నాయని తేలింది. ఒక వైపే అయితే ఆ భాగం తీసేయొచ్చు, రెండు వైపులా తీయలేరు. అలా 2013లో హైదరాబాద్‌లో వీఎన్‌ఎస్ పెట్టించుకున్నాను. బిల్లు లక్షల్లో అయింది. నాన్న తన వాటా పొలంలో కొంత అమ్మాడు.

అది పెట్టగానే ఫిట్స్ మాయమవుతాయని ఎవరూ నాకు చెప్పలేదు, అందుకు ఆ డాక్టర్‌కి ఇప్పటికీ దండం పెడతాను. చాలా మందిలో నెమ్మదిగా తగ్గుతాయి, సుమారు సగం మందిలో సగానికి సగం తగ్గుతాయి, పూర్తిగా పోయేది ఏ కొద్దిమందికో అని ముందే చెప్పారు. నా విషయంలో నెలకి పన్నెండు, పదిహేను వచ్చేవి రెండేళ్లకి నాలుగైదుకి దిగాయి. కింద పడి కొట్టుకునే పెద్ద ఫిట్స్ ఏడాదికి ఒకటో రెండో. ఆ తేడాతోనే నేను బీఈడీ పూర్తి చేశాను, ఉద్యోగంలో చేరాను, పెళ్లి చేసుకున్నాను.

2019లో బ్యాటరీ అయిపోవచ్చింది. దాన్ని మార్చడం చాలా తేలిక. ఛాతీ దగ్గర పాత కోత మీదే కోసి, పాత డబ్బా ఊడదీసి, అదే వైరుని కొత్త డబ్బాకి తగిలించి కుట్టేశారు. గంట కూడా పట్టలేదు, మర్నాడు ఇంటికొచ్చేశాను. కొత్త డబ్బా ఇంకో రకం, గుండె వేగం ఒక్కసారిగా పెరిగితే ఫిట్ వస్తోందేమోనని తనంతట తానే అదనంగా కరెంటు ఇస్తుంది. ఆ ఆపరేషన్ అంత సులువుగా అయిపోవడం నా మనసులో ఒక తప్పు లెక్క నాటింది. ఇక ముందు ఏ మరమ్మతు వచ్చినా ఇలాగే ఉంటుందనుకున్నాను.

మళ్లీ ఆ ఆగస్టుకి వస్తాను. శనివారం పొద్దున పోపు పెడుతుంటే కడుపులోంచి ఏదో పైకి లేచినట్టయింది. నాకు ఫిట్ వచ్చే ముందు అలాగే ఉంటుంది. చేతికి వాచీలా కట్టుకునే మాగ్నెట్ ఉంది నాకు. దాన్ని ఛాతీ మీద డబ్బా పైనుంచి ఒకసారి గీస్తే వెంటనే అదనపు కరెంటు వస్తుంది. గీశాను. మామూలుగా అయితే గొంతు పట్టేసి దగ్గు వస్తుంది. ఏమీ రాలేదు. మళ్లీ గీశాను. ఆ తర్వాత నాకు గుర్తున్నది స్టీలు పోపుల డబ్బా చప్పుడు ఒక్కటే. లేచేసరికి నేల మీద ఉన్నాను. మా ఆయన స్టవ్వు ఆపేసి నన్ను పక్కకి తిప్పి పట్టుకున్నారు. బోర్లా పడిన పోపుల డబ్బాకి నా మణికట్టు అతుక్కుని ఉంది, మాగ్నెట్ పట్టుకుని వదల్లేదు. ఆవాలూ జీలకర్రా నా చెయ్యి నిండా.

ఆయనే అడిగారు, "మాగ్నెట్ గీస్తే గొంతు పట్టిందా?" లేదన్నాను. "మరి పొద్దున్నించి ఒక్కసారైనా పట్టిందా?" అప్పుడు తట్టింది నాకు. పొద్దున్నించి కాదు, రెండు వారాలుగా పట్టలేదు. సాఫుగా ఉందని నేను మురిసిపోయిన గొంతు, కరెంటు నరానికి చేరడం లేదని చెబుతున్న గొంతు. ఈ పరికరం ఉన్నవాళ్లు రోజుకోసారి మాగ్నెట్ గీసి పని చేస్తోందో లేదో చూసుకోవాలని మొదటి రోజే చెప్పారు. మొదటి రెండేళ్లు చూసుకున్నాను. తర్వాత ఎప్పుడు మానేశానో నాకే గుర్తు లేదు.

సెప్టెంబరు మొదటి వారంలో ఆసుపత్రికెళ్లాం. పేరు రాయను. పొద్దున్నే శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో ఖమ్మం నుంచి బయల్దేరి మధ్యాహ్నానికి డాక్టర్ గది ముందు కూర్చున్నాం. పరికరాన్ని పరీక్షించే మనిషి ఆ రోజు రాలేదన్నారు. స్కూల్లో పని ఒత్తిడి ఉందా, నిద్ర సరిగా పోతున్నారా అని అడిగారు. ఉన్న మాట చెప్పాను, టీచర్‌కి ఒత్తిడి లేనిదెప్పుడు? క్లోబజామ్ ఒక మాత్ర పెంచి పంపించారు. గొంతు పట్టడం లేదని నేను రెండుసార్లు చెప్పాను, చీటీలో ఆ మాట ఎక్కలేదు. ఆ రోజు నేను గట్టిగా కూర్చుని, పరికరం చూడకుండా కదలను అని ఉండాల్సింది. మూడు వారాలు పోయాయి. ఆ మూడు వారాల్లో ఆరు ఫిట్స్ వచ్చాయి, ఒకటి స్కూల్ మెట్ల మీద.

రెండోసారి వెళ్లినప్పుడు పరికరం చూసే అబ్బాయి ఉన్నాడు. వాండ్ అని చిన్న కర్ర లాంటిది ఉంటుంది, దాన్ని చొక్కా పైనుంచే ఛాతీకి ఆనిస్తారు. చేతిలో ట్యాబ్లెట్ పట్టుకుని పరీక్ష నొక్కాడు. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు నాక్కూడా కనిపించాయి. మళ్లీ నొక్కాడు. నన్ను మెడ కుడికి తిప్పమని ఒకసారి, ఎడమకి తిప్పమని ఒకసారి చూశాడు. "అమ్మా, ఇంపెడెన్స్ పది వేలు దాటి చూపిస్తోంది" అన్నాడు.

ఈ ఒక్క అంకె గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే పదేళ్లలో ఎవరూ నాకు దాని గురించి వివరంగా చెప్పలేదు. డబ్బా నుంచి బయల్దేరిన కరెంటు వైరులోంచి పోయి, నరం దాటి, తిరిగి రావాలి. ఆ దారిలో ఎంత అడ్డు ఉందో ఓమ్‌లలో కొలుస్తుంది ఆ పరీక్ష. నా రకం పరికరంలో 600 నుంచి 5300 దాకా మామూలు. 5300 దాటితే దారి ఎక్కడో తెగినట్టు, లేదా డబ్బాలో వైరు మొన సరిగా కూర్చోనట్టు, లేదా నరం చుట్టూ మచ్చ కణజాలం మరీ మందంగా పేరుకున్నట్టు. 600 కన్నా తగ్గితే వైరు పైతొడుగు పాడై మధ్యలోనే కరెంటు కలిసిపోతున్నట్టు. పాత కాగితాలన్నీ తిరగేస్తే నాది ఎప్పుడూ రెండు వేల చుట్టుపక్కలే ఉంది. చివరిసారి ఆ అంకె రాసింది 2021లో. ఆ తర్వాత రెండు చీటీల్లో "పరికరం బాగుంది" అని మాత్రమే ఉంది.

అప్పటికప్పుడే ఆపేశారు దాన్ని. తెగిన వైరులో కరెంటు పంపుతూ ఉంటే నరానికి హాని జరగొచ్చట. ఎక్స్‌రేలు తీశారు, మెడకి రెండు, ఛాతీకి రెండు. వాటిలో ఏ తెగుడూ కనిపించలేదు. మా ఆయనకి ప్రాణం లేచొచ్చింది, అయితే వైరు బాగానే ఉందన్నమాట అన్నారు. సర్జన్ తల అడ్డంగా ఊపారు. వైరు లోపలి సన్న తీగలు తెగితే పైన తొడుగు అలాగే ఉంటుంది, ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు, అంకెనే నమ్మాలి అన్నారు. ఎలా తెగిందంటే ఎవరు చెప్పగలరు? మెడ రోజూ కొన్ని వేలసార్లు తిరుగుతుంది. జూన్‌లో ఒకసారి బాత్రూంలో పడ్డాను కూడా. కొంతమంది తెలియకుండానే చర్మం కింద డబ్బాని వేళ్లతో తిప్పుతూ ఉంటారట, దాంతో వైరు మెలిపడి తెగుతుందట. నాకు ఆ అలవాటు లేదు.

ఆపేసినప్పటి నుంచి ఆపరేషన్ దాకా ఏడు వారాలు. డబ్బు సర్దుకోవాలి, ఇన్సూరెన్స్ వాళ్లకి ఉత్తరాలు రాయాలి, కొత్త వైరు తెప్పించాలి. అక్టోబరులో పదిహేడు ఫిట్స్ వచ్చాయి, అందులో రెండు పెద్దవి. దసరా సెలవులు కాబట్టి స్కూల్లో ఎవరి కంటా పడలేదు. అత్తమ్మ నన్ను స్నానానికి కూడా గడియ పెట్టుకోనిచ్చేది కాదు, తలుపు బయట పీట వేసుకుని కూర్చునేది. ఫిట్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడాజోలం స్ప్రే మా ఆయన జేబులో, అత్తమ్మ కొంగు ముడిలో, నా బ్యాగులో. వీఎన్‌ఎస్ నాకు నిజంగా ఎంత చేస్తోందో ఆ ఏడు వారాల్లో లెక్కతో సహా తెలిసింది. అప్పటిదాకా, ఇంత ఖర్చు పెట్టినా పూర్తిగా పోలేదు కదా అన్న బాధ ఒక మూల ఉండేది. తగ్గినవన్నీ తిరిగొచ్చి మీద పడ్డాక ఆ బాధ పడలేదు.

సర్జన్ మమ్మల్ని కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడారు. ఇలా వదిలేసి మందులతోనే నడపొచ్చు, మొత్తం తీసేయొచ్చు, లేదంటే వైరు మార్చొచ్చు. నేను మార్చమనే అన్నాను. "టీచర్ గారూ, బ్యాటరీ మార్చినట్టు ఉంటుందనుకుంటున్నారేమో, ఇది వేరే ఆపరేషన్" అన్నారాయన. నరం మెడలో కెరోటిడ్ ధమనికీ జుగులర్ సిరకీ మధ్య ఒకే తొడుగులో ఉంటుంది. మొదటిసారి అక్కడంతా శుభ్రంగా, పొరలు పొరలుగా విడిపోతుంది. పదేళ్ల తర్వాత అక్కడ మచ్చ పేరుకుని ఉంటుంది, సిర కూడా దానికి అంటుకుని ఉండొచ్చు. ఆయన చెబుతుంటే నాకు మా ఇంటి వేప చెట్టు కళ్ల ముందు కదిలింది. నా చిన్నప్పుడు నాన్న దానికి దండెం తీగ చుట్టాడు. నాకు పెళ్లయ్యేసరికి ఆ తీగ బెరడు లోపలికి దిగిపోయింది, చెట్టు దాన్ని మింగేసింది. తీగ లాగితే బెరడు ఊడుతుంది తప్ప తీగ రాదు. అలాగా అని అడిగాను. "సరిగ్గా అలాగే" అన్నారు.

అందుకని రెండు పద్ధతులున్నాయట. మైక్రోస్కోప్ కింద మచ్చని కొంచెం కొంచెంగా విడదీసి పాత చుట్టలు మొత్తం తీసి, అదే చోట కొత్తవి వేయడం ఒకటి. మరీ అంటుకుపోయి ఉంటే, చుట్టల్ని నరం మీదే వదిలేసి, వైరు దగ్గరగా కత్తిరించి, కొత్త చుట్టల్ని కాస్త పైనో కిందో వేయడం రెండోది. వైరు ముక్క పొడవుగా లోపల మిగిలితే ముందు ముందు ఎమ్మారై తీయడానికి అది అడ్డమవుతుంది కాబట్టి వీలైనంతా తీయడానికే చూస్తానన్నారు. కానీ ఏది చేసేదీ లోపల చూశాకే నిర్ణయం, నరానికి ముప్పు అనిపిస్తే అక్కడే ఆగిపోతానని ముందే మాట తీసుకున్నారు.

నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: నా గొంతు పోతుందా? ఆయన దాచలేదు. స్వరపేటిక నరం ఇందులోదే, కదిలిస్తే కొన్నాళ్లు గొంతు పోవచ్చు, ఎక్కువ మందికి తిరిగొస్తుంది, కొద్దిమందికి శాశ్వతంగా బలహీనంగా ఉండొచ్చు. అందుకే ముందుగా ఈఎన్‌టీ వాళ్లతో ముక్కులోంచి సన్న కెమెరా వేసి స్వరతంతువులు రెండూ కదులుతున్నాయో లేదో చూపించారు. ఈ పరీక్ష కొందరు అడిగితేనే చేస్తారని తర్వాత తెలిసింది. ఆపరేషన్‌కి ముందు గొంతు ఎలా ఉందో కాగితం మీద ఉండాలి.

ఇంకో మాట చెప్పారు, అది నాకు చాలా ధైర్యమిచ్చింది. నేరుగా మెడ తెరవరట. ముందు ఛాతీ దగ్గర కోసి డబ్బా బయటికి తీసి, స్క్రూ వదులు చేసి వైరు మొనని తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి అంకె చూస్తారు. ఒక్కోసారి అంతటితోనే సరిపోతుంది. సరిపోకపోతే డబ్బాకి వైరు బదులు 4000 ఓమ్‌ల చిన్న రెసిస్టర్ తగిలించి చూస్తారు. అప్పుడు అంకె సరిగా వస్తే డబ్బా మంచిదే, తప్పు వైరుదే. అప్పుడే మెడ. చుట్టలు 2 మిల్లీమీటర్లవీ 3 మిల్లీమీటర్లవీ రెండు సైజుల్లో వస్తాయి. నరం చూశాక ఏది పడుతుందో అది, కాబట్టి రెండూ సిద్ధంగా పెట్టుకుంటామన్నారు.

నవంబరు మధ్యలో ఆపరేషన్. ముందు రాత్రి క్రిమినాశక ద్రవంతో స్నానం. నల్లపూసలూ, సూత్రాలూ తీసేయమని నర్సు అంటే అత్తమ్మ ముఖం చిన్నబోయింది. తన సంచీలోంచి పసుపు తాడు తీసి, "చేతికైనా కట్టుకో తల్లీ" అని అడిగింది. నర్సు ఒక్క క్షణం ఆలోచించి, కుడి చేతికి కట్టుకోండి, సెలైన్ ఎడమ చేతికి పెడతాంలే అంది. థియేటర్ దాకా అది చేతికే ఉంది, లోపలికి వెళ్లేటప్పుడు విప్పి ఒక కవర్లో వేసి మా ఆయన చేతికిచ్చారట. పొద్దున ఫిట్స్ మాత్రలు ఒక గుక్క నీళ్లతో వేయించారు. ఉపవాసమని అవి మానకూడదు. మత్తు డాక్టర్ వచ్చి, కొత్త వైరు తగిలించి మొదటిసారి కరెంటు పంపినప్పుడు అరుదుగా గుండె నెమ్మదించవచ్చు, ఇంజెక్షన్ చేతిలోనే ఉంటుంది, భయపడకండి అని చెప్పి వెళ్లాడు. అంత వివరంగా చెప్పినవాణ్ని నేను నమ్ముతాను.

మూడున్నర గంటలకి పైగా పట్టింది. మా ఆయన బయట ఎన్నిసార్లు మెట్లు ఎక్కిదిగారో తెలియదు. వైరు మొన మళ్లీ కూర్చోబెట్టినా అంకె దిగలేదట. రెసిస్టర్ పెడితే డబ్బా బాగుంది. మెడ తెరిచారు. పై రెండు చుట్టలు మచ్చలోంచి పూర్తిగా వచ్చాయి. కిందది, పట్టుకునే చుట్ట, సిరకి ఆనుకుని ఉంటే దాన్ని అక్కడే వదిలేసి కత్తిరించారు. చాలా చిన్న ముక్క. కొత్త చుట్టలు ఇంకాస్త పైన, 2 మిల్లీమీటర్లవి. పరీక్ష నొక్కితే 1900 వచ్చిందట. గుండె తన పని తాను చేసుకుంది. తీసిన వైరు ఫొటో తర్వాత నాకు చూపించారు. మెడ దగ్గర అది వంపు తిరిగే చోట, తొడుగు లోపల తీగ రెండుగా విడిపోయి ఉంది. వెంట్రుక వాసి సందు. నా పదిహేడు ఫిట్స్ ఆ సందులోంచే వచ్చాయి.

మెలకువ వచ్చాక మా ఆయన్ని పిలిచాను. పిలిచాననుకున్నాను. గాలి వచ్చింది గాని మాట రాలేదు.

మాట రాని ఆ మూడు వారాల గురించి ఎక్కువ రాయలేను. నీళ్లు తాగితే దగ్గు వచ్చేది, అందుకని గడ్డం కిందికి వంచి చిన్న గుక్కలు తాగమని నేర్పారు. మజ్జిగన్నం కంటే గట్టి పప్పన్నమే సులువుగా దిగింది. ఎడమ స్వరతంతువు మందగించింది, పక్షవాతం రాలేదు, కదలిక ఉంది అని ఈఎన్‌టీ డాక్టర్ చెప్పినప్పుడు బయటికొచ్చి నడవాలో కూర్చుని ఏడ్చాను. గుసగుసగా మాట్లాడొద్దని చెప్పారు. గుసగుస గొంతుకి విశ్రాంతి కాదట, ఇంకా శ్రమట. పలక కొనుక్కున్నాం. అత్తమ్మకి చదవడం అంతగా రాదు, నేను రాసింది మా ఆయన చదివి వినిపించేవారు. మధ్యలో ఆయన పొట్టి చేసి చెబితే నేను పలక మీద వేలితో కొట్టి చూపించేదాన్ని, మొత్తం చదవమని.

రెండు వారాలకి కుట్లు ఎండాక పరికరం ఆన్ చేశారు. పాతది 1.75 మిల్లీ ఆంపియర్ల దగ్గర నడిచేది, కానీ ఏడు వారాలు ఆగిపోయి, కొత్త చోట చుట్టలు పడ్డాక నేరుగా అక్కడికి వెళ్లరు. 0.25 దగ్గర మొదలుపెట్టి మెట్టు మెట్టుగా ఎక్కించాలి. నా గొంతు బలహీనంగా ఉంది కాబట్టి మామూలు కంటే నిదానంగా, ఒక్కో మెట్టుకీ ఆగి చూస్తూ ఎక్కించారు. 0.25 దగ్గర ఏమీ తెలియలేదు. 0.5 దగ్గర, తిరుగు ప్రయాణంలో కాజీపేట దాటాక, గొంతులో ఆ ఈక గీత తగిలింది. మా ఆయన చెయ్యి పట్టుకుని గొంతు చూపించాను. ఆయన వాచీ చూసుకున్నారు. ఐదున్నర నిమిషాలకి మళ్లీ చెయ్యి పట్టుకున్నాను. ఖమ్మం వచ్చేదాకా అలాగే లెక్కపెట్టుకుంటూ వచ్చాం.

ఫిబ్రవరి నాటికి మాట పాఠం చెప్పేంతకి వచ్చింది. పై స్థాయి అందదు, చివరి బెంచీ దాకా వినబడటానికి స్కూల్ వాళ్లు నడుముకి కట్టుకునే చిన్న మైకు కొనిచ్చారు. ఒక రోజు ఎనిమిదో తరగతిలో పద్యం మూడో పాదంలో గొంతు పట్టేసింది. నేను బోర్డు వైపు తిరిగేలోపే మొదటి బెంచీ పిల్ల నాలుగో పాదం అందుకుంది. నాలుగు నెలలు నేను లేకపోయినా ఆ అలవాటు ఆ తరగతిలో చెడలేదు.

ఇప్పుడు నన్ను ఫోన్‌లో అడిగేవాళ్లున్నారు, ఎక్కువగా పిల్లలకి ఈ పరికరం పెట్టించిన తల్లులు. ఆపరేషన్ అనగానే మొదట అడగమంటాను, బ్యాటరీకా, వైరుకా అని. రెండింటినీ రీప్లేస్‌మెంట్ అనే ఒకే మాటతో చెప్పేస్తారు, కానీ ఒకటి గంట పని, ఇంకోటి మెడలో నరం మీద పని. వైరు పని అయితే అలాంటివి చేసిన చెయ్యి కావాలి. ఆ సర్జన్ ఇంతకు ముందు పాత చుట్టలు తీశారా అని అడగడానికి మొహమాటపడొద్దంటాను. పిల్లాడు మాట చెప్పలేని స్థితిలో ఉంటే, గొంతు మారడం ఆగిపోయిందా, దగ్గు ఆగిపోయిందా అని మనమే చెవి పెట్టాలి. వాళ్లకి అది హాయిగా ఉంటుంది కాబట్టి వాళ్లు ఫిర్యాదు చేయరు. నేనూ చేయలేదు కదా.

పొద్దున్నే పళ్లు తోముకున్నాక మాగ్నెట్ గీసుకుంటాను, దగ్గు వస్తే పొయ్యి దగ్గరికి వెళ్తాను. వంటింట్లో మాత్రం మాగ్నెట్ మణికట్టుకి కాకుండా నడుము పట్టీకి కట్టుకుంటున్నాను. ఆసుపత్రికెళ్లిన ప్రతిసారీ వాండ్ పెట్టాక అంకె పైకి చదవమంటాను, మా ఆయన నోటు పుస్తకంలో రాస్తారు. "బాగుంది" అంటే ఒప్పుకోం, అంకె కావాలి. 1.75కి చేరేసరికి మే నెల వచ్చింది. ఆ పేజీలో ఆయన రాసింది ఇలా ఉంది: కరెంటు 1.75, ఇంపెడెన్స్ 2050, బ్యాటరీ బాగుంది, ఏప్రిల్‌లో ఫిట్స్ 4, పెద్దవి లేవు.